బొటనవేలు పట్టేంత ఖాళీ

బడి హాస్టలు, మేడమీది గది
జూన్, వాన పడుతున్న ఆదివారం

అత్తా,

నువ్వు పంపిన సూదుల దిండు పూర్తిగా మూసి ఉంది. అందుకే ఉతకాల్సిన బట్టలు బకెట్లోనే వదిలేసి ఇప్పటికిప్పుడు ఈ ఉత్తరం రాస్తున్నాను. ఫోను చేస్తే నవ్వేసి పెట్టేస్తావు. ఉత్తరమైతే కనీసం పక్కింటి కండక్టరు గారి చేత రెండుసార్లు చదివించుకుంటావు.

అన్ని వైపులా తడిమి చూశాను. ఎక్కడా ఖాళీ లేదు. నాకు ఊహ తెలిశాక నీ చేతి నుంచి ఏ వస్తువూ ఇలా రాలేదు. దిండయినా, సంచయినా, కళ్ళజోడు తొడుగయినా ఒక మూల బొటనవేలు పట్టేంత ఖాళీ వదిలి, పక్కనే దారం ఎక్కించిన సూది గుచ్చి ఇస్తావు. "చివరి కుట్టు నువ్వు వేసుకో. అప్పుడుగానీ నీదవ్వదు" అంటావు. నాన్న తాళాల సంచీ మూసుకుంటూ, "బహుమతి ఇచ్చి పని కూడా చెప్పే అక్క ఇంకెవరికైనా ఉందా?" అని సణిగేవాడు. నా మొదటి బడిసంచీకి అడుగున వదిలావు. నేను కుట్టుకోకుండా పరిగెత్తాను. బలపాలన్నీ దారి పొడుగునా రాలాయి. మన ఇంట్లో బడికి వెళ్ళిన మొదటి మనిషి ఊరేగింపు అలా సాగింది.

నాకు తెలిసి నువ్వు మూసి ఇచ్చింది ఒక్కటే, నాయనమ్మ పోయినప్పుడు తల కింద పెట్టిన చిన్న దిండు. ఎందుకు మూశావని అడిగితే, "అమ్మ ఇక కుట్టుకోలేదు కదే" అన్నావు.

ఇప్పుడు నాకెందుకు మూసి పంపావు? నా మీద కోపమొచ్చిందా? ఊరు కాని ఊళ్ళో, చూపులేని పిల్లల బడిలో ఉద్యోగానికి ఒప్పుకున్నందుకా? కోపమైతే తిట్టు. తిట్టకుండా మూసేయకు.

నీ కోడలు


ఇల్లు, వెనక వరండా
జూన్ చివర

కోడలు పిల్లా,

నేను చెబుతుంటే కండక్టరు గారు రాస్తున్నారు. బస్సు దిగి ఇన్నేళ్ళైనా ఈయన అక్షరాలు టిక్కెట్టు మీద పట్టేంతే ఉంటాయని పోయినసారి నువ్వే అన్నావు. ఈసారి పెద్దగా రాయమన్నాను. (రాస్తున్నాను. ఇంతకన్నా పెద్దవి నా చేతికి రావు. ఇట్లు, రాసేవాడు.)

సూదుల దిండు మూస్తే ఇంత గోలా? టీచరమ్మవి అయ్యావు, నీకు తీరికెక్కడ ఉంటుందని నేనే మూసేశాను. నీకొక్కదానికే కాదు. పాలామె చిల్లర సంచీ మూశాను, నర్సమ్మ కత్తెర తొడుగు మూశాను, మీ నాన్న జేబురుమాలు అంచు కూడా చివరిదాకా కుట్టేశాను. వాడైతే సంతోషించి ఉంటాడు.

పెట్టెలో పేలికలన్నీ ఈ వానల్లోపు అవగొడదామని కూర్చున్నాను. నీ చిన్నప్పటి గళ్ళగౌను ముక్క ఇంకా ఉంది. అది ఎవరికి కుట్టాలో తేలడం లేదు.

కోపం, గీపం ఏమీ లేదు. నీ పిల్లల్ని బాగా చూసుకో. కళ్ళు లేనివాళ్ళ దగ్గర పిచ్చి కబుర్లు చెప్పకు, చెవులతో పట్టేస్తారు.

మీ అత్త

(అమ్మాయీ, ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాయాలని నాకు ఒక షరతు. చెప్పనిది రాయకూడదని ఇంకో షరతు. మొదటిది సులువుగానే ఉంది.)


బడి హాస్టలు, మేడమీది గది
జూలై

అత్తా,

ఈ వారం నా తరగతిలో ఒకటి జరిగింది. అప్పటి నుంచి నా చేతులు నాకే కొత్తగా కనిపిస్తున్నాయి.

మా తరగతిలో ఒక పిల్ల ఉంది. అందరూ చిటికె అంటారు. నడిచేటప్పుడు వేళ్ళతో చిటికెలు వేస్తుంది, ఆ చప్పుడు తిరిగొచ్చే తీరును బట్టి గోడ ఎంత దూరమో చెబుతుంది. పుట్టినప్పటి నుంచీ చూపు లేదు. నోటికి మాత్రం ఏ లోటూ లేదు. మొన్న నా బల్ల మీద నీ సూదుల దిండు తగిలితే, "ఇదేంటి టీచర్, ఇంత బరువు?" అని తీసుకుంది. మా అత్త కుట్టిందని చెప్పాను. పక్కనే నా పెన్నుల సంచీ కూడా ఉంది, కాలేజీలో చేరినప్పుడు నువ్వు కుట్టిందే. ఒక చేతిలో అది, ఒక చేతిలో ఇది పట్టుకుని అంచులు తడిమింది.

"రెండూ ఒకళ్ళే కుట్టారు. ముడి వేసి కొస మడతలో దాచేశారు, రెండిట్లోనూ అలాగే ఉంది" అంది. ఆ తర్వాత, "కానీ టీచర్, ఈ సంచీ కళ్ళతో కుట్టారు. ఈ దిండు గోటితో కుట్టారు" అంది.

అంటే ఏంటే అన్నాను. నా వేలు పట్టుకుని దిండు అంచు వెంట నడిపించింది. ప్రతి కుట్టు పక్కనా ఒక సన్నని నొక్కు ఉంది. "ఇది ఎడమ బొటనవేలి గోరు. ముందు గోరు ఆనించుకుని, దాని పక్కన సూది దించుతారు. మేమూ అలాగే కుడతాం. చూసేవాళ్ళకి గోటితో పనేంటి?" ఇంకో చోట ఆపింది. "ఇక్కడ సూది ఒకసారి దిగి మళ్ళీ పైకొచ్చింది, చోటు తప్పింది. ఇక్కడ గుడ్డ గరుగ్గా ఉంది. వేలికి గుచ్చుకుని ఉంటుంది, నెత్తురు ఆరింది."

దిండు చేతులు మారింది. ఒక్కొక్కళ్ళూ తడిమి ఒక్కో మాట అన్నారు. ఇక్కడ అలిసిపోయింది, ఇక్కడ విసుక్కుంది, ఇక్కడ దారం మార్చి మళ్ళీ కూర్చుంది. అత్తా, వాళ్ళు నిన్ను చదువుతున్నారు. నేను ఇన్నేళ్ళు చదివి, పుస్తకం కానిది చదవచ్చని తెలియకుండా అక్కడ నిలబడ్డాను.

చివరికి చిటికె అడిగింది, "మీ అత్తయ్య కూడా మాలాగేనా టీచర్?"

నేను కాదన్నాను. చిటికె దిండు మళ్ళీ నా చేతిలో పెట్టింది. నాకు చూపుందని వాళ్ళు నా మాట నమ్మరు, వేళ్ళనే నమ్ముతారు.

నీకు కళ్ళు కనబడుతున్నాయా? కండక్టరు గారూ, ఈ మాట ఆవిడకి గట్టిగా చదివి వినిపించండి. జవాబు మాత్రం ఆవిడ నోటితోనే చెప్పాలి.

నీ కోడలు


ఇల్లు, వెనక వరండా
జూలై చివర

కోడలు పిల్లా,

ఆ చిటికె అనే పిల్లకి నోట్లో చక్కెర పోసి, ఆ నోరు మూసేయ్.

సరే, విను. కళ్ళు పోతున్నాయి. పక్కల నుంచి మొదలైంది. పాలామె ఎదురుగా వస్తే కనబడుతుంది, పక్క నుంచి పలకరిస్తే ఉలిక్కిపడతాను. ఇప్పుడు సన్నని గొట్టంలోంచి చూస్తున్నట్టుంది లోకం. కళ్ళ డాక్టరు దగ్గరికి కండక్టరు గారే తీసుకెళ్ళారు. లోపలి నరం పాడైందట. పోయింది తిరిగి రాదట. చుక్కల మందు వేసుకుంటే ఉన్నది కొన్నాళ్ళు నిలుస్తుందట. వేసుకుంటున్నాను. కండక్టరు గారు గడియారం చూసి మరీ వేస్తున్నారు, ఆలస్యమైతే బస్సు వెళ్ళిపోయేట్టు. (చెప్పే అనుమతి వచ్చింది కాబట్టి చెబుతున్నాను. సూదుల్లో దారం కూడా నేనే ఎక్కిస్తున్నాను. రోజూ పొద్దున్నే నా పాత డ్యూటీ టోపీకి గుచ్చి ఇస్తాను. ఇట్లు, రాసేవాడు.)

ఎందుకు మూశానని అడిగావు. ఖాళీ వదిలితే అది ఇంకా అవ్వలేదని అర్థం. వచ్చే ఏడు అత్త ఇంకోటి కుడుతుందని ఎదురుచూస్తారు. ఇక కుట్టను. అయిపోయినదాన్ని అయిపోయినట్టే ఇవ్వాలి కదా. అందుకే మూసేశాను. ఎవరికీ చెప్పకూడదనుకున్నాను, నీ పిల్లలు బయటపెట్టేశారు.

నీ గళ్ళగౌను ముక్క ఒక్కటే మిగిలింది. దాన్ని అలాగే పెట్టెలో పడేస్తాను. మీ నాన్నకి చెప్పకు. వాడు ఉన్నపళంగా వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చుని ఏడుస్తాడు, నాకు ఇద్దరికి వండే ఓపిక లేదు.

మీ అత్త


బడి, కుట్టుగది
ఆగస్టు

అత్తా,

నాన్నకి చెప్పలేదు. నువ్వే చెప్పాలి. చెప్పకపోతే నీ మీద అలుగుతాను, ఆ అలక ఎంత కాలం సాగుతుందో నీకు తెలుసు, నన్ను పెంచినదానివి నువ్వే.

నీ ఉత్తరం చదివి ఒకరోజంతా ఏడ్చాను. రెండో రోజు చిటికె దగ్గరికి వెళ్ళి, చూపు లేకుండా సూదిలో దారం ఎలా ఎక్కిస్తారని అడిగాను. అది చేసి చూపించింది. సూది బెజ్జాన్ని నాలుక మీద ఆనించింది. దారం కొస పెదవుల మధ్య పెట్టుకుని చిన్నగా ఊపిరి లోపలికి పీల్చింది. అంతే, దూరిపోయింది. నేను కళ్ళు తెరుచుకుని ప్రయత్నిస్తే దారం తడిసింది, నాలుకకి సూది గుచ్చుకుంది. "కళ్ళు మూసుకోండి టీచర్, అవే అడ్డం" అంది. మూసుకున్నాను. నాలుకకి ఆ చిన్న బెజ్జం బావి అంత పెద్దగా తెలిసింది! ఇంత చోటు ఉందా అందులో అనిపించింది. నువ్వూ ఒకసారి చూడు. ముందు మొద్దు సూదితో.

ఇక అసలు సంగతి. మా బడిలో కుట్టు నేర్పే టీచరు వేరే చోటికి వెళ్ళిపోయారు. పిల్లలకి పైపై కుట్టు వచ్చు, తిరగేసి కుట్టే సంచీ రాదు. గుడ్డని లోపలి వైపు పైకి పెట్టి కుట్టి, చివర వదిలిన ఖాళీలోంచి మొత్తం తిప్పేస్తే కుట్లన్నీ లోపలికి పోతాయి కదా, నువ్వు చేసే ఆ పని. నేను చెబితే, "అంత చిన్న ఖాళీలోంచి సంచీ మొత్తం ఎలా వస్తుంది, అబద్ధం" అన్నారు. పెద్ద టీచరమ్మతో మాట్లాడాను. వానలు వెలిశాక ఒక నెల వచ్చి ఉండమన్నారు. హాస్టల్లో నా పక్క మంచం ఖాళీ. రా అత్తా. వచ్చి నేర్పు.

దీనితో కొన్ని గుడ్డ ముక్కలు పంపుతున్నాను. పిల్లలు వేళ్ళతో చదివే బ్రెయిలీ అక్షరాలు మామూలుగా అట్ట మీద చుక్కలుగా ఉంటాయి. నేనూ చిటికె వాటిని ముడులుగా కుట్టాం, నీ వేళ్ళకి గుడ్డ అలవాటని. కింద సిరాతో ఏ అక్షరమో రాశాను, కండక్టరు గారు చెబుతారు. మొదటి ముక్క తీసుకో. ఒకే ఒక్క ముడి. అది అ.

అత్తా, నువ్వు ఏ కుట్టు మొదలుపెట్టినా దారం కొసన వేసేది ఒక్క ముడే కదా. ఇన్నేళ్ళూ రోజూ అ వేసుకుంటూ కూర్చున్నావు, మాకెవ్వరికీ తెలియలేదు. ఇది తట్టినప్పటి నుంచి నాకు నిద్ర సరిగ్గా పట్టడం లేదు.

నీ కోడలు


ఇల్లు, వెనక వరండా
సెప్టెంబరు

కోడలు పిల్లా,

రాను.

నీ పిల్లలు పుట్టినప్పటి నుంచీ అలా పెరిగారు. నేను నిన్నమొన్నటి దాకా చూసినదాన్ని. గుమ్మం తగిలితే గుమ్మాన్ని తిడతాను. కొత్త ఊళ్ళో, కొత్త మెట్ల మీద, అంతమంది పిల్లల ముందు తడుముకుంటూ నడవాలా? ఇక్కడైతే గోడలకి నేను తెలుసు. నువ్వు జాలిపడి పిలిచావు, జాలిపడే వాళ్ళింటికి నేను ఎప్పుడూ వెళ్ళలేదు.

సంచీ తిప్పడం నేర్పాలంటే నువ్వే నేర్పు. నీకూ వచ్చు. రాకపోతే ఇన్నాళ్ళూ నా పక్కన కూర్చుని ఏం చేశావు?

మీ నాన్నకి చెప్పాను. వచ్చాడు, ఏడ్చాడు, రెండు రోజులు తిని పోయాడు. అనుకున్నట్టే.

అ అంటే ఒక్క ముడేనా? నన్ను ఆటపట్టించడం లేదు కదా? నా చిన్నప్పుడు బడి కిటికీ పక్కన నిలబడి చూస్తే నల్లబల్ల మీద అది చుట్టలు చుట్టలుగా ఉండేది. అంత వంకర నా చేతికి ఎప్పటికి వస్తుందని వెనక్కి తిరిగి వచ్చేశాను. ఒక్క ముడని ఎవరూ చెప్పలేదు.

మీ అత్త

(అమ్మాయీ, కట్టలో లేని అక్షరాలు కూడా ఉంటే పంపించు. నాకు సరదాగా ఉంది. నాకే సుమా. ఆవిడ ఆ గుడ్డముక్కల్ని ఒళ్ళో పెట్టుకుని నాతో బస్సుల గురించి మాట్లాడుతుంటుంది, వేళ్ళు మాత్రం వేరే ఎక్కడో ఉంటాయి. నేను చూస్తే కొంగు కప్పేస్తుంది.)


పక్కిల్లు, ముందు గది
అక్టోబరు

అమ్మాయికి,

ఇది రాసేవాడు సొంతంగా రాస్తున్న ఉత్తరం. మీ అత్తకి తెలియదు.

నువ్వు పంపిన మిగతా అక్షరాలు అందాయి. ఒక్కొక్కటీ ఏమిటో చెప్పాను. తర్వాత నుంచి ఆవిడ నన్ను పిలవడం మానేసింది. ఉత్తరం రాయమని అడగడం లేదు. పొద్దున్న సూదులు గుచ్చిన టోపీ తీసుకెళితే, "అక్కర్లేదు, మీరు విశ్రాంతి తీసుకోండి" అంటుంది. చుక్కల మందు వేయించుకుంటుంది, తలుపు దగ్గరగా వేసుకుంటుంది. కుట్టు పూర్తిగా వదిలేసినట్టుంది.

ముప్ఫై ఏళ్ళు బస్సులో, దిగే మనిషిని మొహం చూసి గుర్తుపట్టేవాణ్ణి. ఈవిడ దిగిపోతోందో, కూర్చుందో తెలియడం లేదు. నువ్వు ఒకసారి వస్తే మంచిది.

ఇట్లు,
పక్కింటి కండక్టరు


బడి, కుట్టుగది
నవంబరు, సోమవారం సాయంత్రం

అత్తా,

నీ పొట్లం ఇవాళ మధ్యాహ్నం వచ్చింది. ఈ ఉత్తరం రేపు రాద్దామనుకుంటే చిటికె ఒప్పుకోవడం లేదు. నా పక్కనే కూర్చుని బల్ల మీద చిటికెలు వేస్తోంది, నేను రాయడం ఆపితే దానికి తెలిసిపోతోంది.

పొట్లంలో ఉత్తరం లేదు. నా గళ్ళగౌను ముక్కతో కుట్టిన చిన్న సంచీ ఉంది. అరచేతిలో పట్టేంత. ఒక మూల బొటనవేలు పట్టేంత ఖాళీ ఉంది, దాని పక్కన దారం ఎక్కించిన సూది ఉంది. అది చూడగానే నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మళ్ళీ తెరిచి ఇచ్చావు. కానీ ఉత్తరం కోసం పొట్లం కాగితం మడతలన్నీ విప్పి చూశాను, ఏమీ లేదు. కండక్టరు గారు రాసింది గుర్తొచ్చింది. నా ముక్క నాకు ఇచ్చేసి పెట్టె ఖాళీ చేసుకుందేమో, ఇది మాత్రం పాత మర్యాద ప్రకారం ఇచ్చి ముగించిందేమో అనుకున్నాను. సంచీ పైన అటూ ఇటూ తిప్పి చూశాను. గళ్ళు తప్ప ఏమీ లేవు.

సరే, నాది నేను చేద్దామని సూది తీశాను. మొదటి కుట్టు పడేదే.

"ఏం చేస్తున్నారు టీచర్?" అని చిటికె వచ్చింది. మా అత్త పంపిన సంచీ మూస్తున్నానని చెప్పాను. "ఆగండి, నేను చూడలేదు" అంది. పైన తడిమింది. గోటినొక్కుల మీద వేలు పెట్టి, "కుట్లు ఈసారి తప్పలేదు. ఒక్కటీ తప్పలేదు" అంది. తర్వాత దాని అలవాటు ప్రకారం ఖాళీలోకి వేలు దూర్చింది.

లోపల దాని వేలు ఆగిపోయింది. అలా ఆగడం నేనెప్పుడూ చూడలేదు.

"టీచర్. లోపల రాసి ఉంది."

నేను నమ్మలేదు. దాని వేలు గళ్ళ కింద కదలడం బయటి నుంచి నాకు కనిపిస్తోంది, చాపకింద చిన్న పురుగు నడుస్తున్నట్టు. ఎడమ నుంచి కుడికి వెళ్ళింది. మళ్ళీ వెనక్కి వచ్చి మళ్ళీ వెళ్ళింది. తర్వాత చాలా మెల్లిగా, అది ఎప్పుడూ మాట్లాడనంత మెల్లిగా చెప్పింది.

"వస్తా."

కుట్టుగదిలో ఉన్న పిల్లలందరూ ఒక్కసారి ఊపిరి తీసుకున్నారు. ఎవరో, "ఎవరు, ఆ గోటితో కుట్టే అత్తయ్యా?" అన్నారు. ఇంకెవరో గట్టిగా చప్పట్లు కొట్టారు.

అత్తా, అది నీ తప్పో నీ తెలివో నాకు తెలియడం లేదు. గుడ్డ లోపలి వైపు పైకి పెట్టి ముడులు వేసి, సంచీ తిప్పేసరికి అవి లోపలికి పోయాయి. ఎప్పుడూ లోపలి వైపు పెట్టి కుట్టే చెయ్యి కాబట్టి అలవాటుగా అక్కడే రాశావా? లేక ఖాళీలో వేలు పెట్టేవాళ్ళకే అందాలని రాశావా? కండక్టరు గారు కూడా దాన్ని చూసి ఉత్త సంచీ అనుకునే పోస్టు చేసి ఉంటారు. ఏదైనా సరే, నేను ఆ కుట్టు వేసి ఉంటే నీ మొదటి మాటని నా చేత్తో మూసేసేదాన్ని.

చిటికె నా చెయ్యి పట్టుకుని నా వేలు కూడా లోపలికి పెట్టింది. నాకు ఈ అక్షరాలు కంటితో చదవడం వచ్చు, వేలితో రాదు. చాలాసేపు ఏమీ తెలియలేదు, ఇసక మీద వేలు పెట్టినట్టుంది. తర్వాత ఒక ముడి దొరికింది. పక్కన ఇంకోటి. ఒకచోట ముడి తీసేసి మళ్ళీ వేసిన గరుకు. ఒక చోట ఒక ముడి తక్కువైంది, చిటికె మార్కు తగ్గిస్తానంటోంది. మెల్లిగా అక్షరం లేచింది. కళ్ళు మూసుకుని, గళ్ళగౌను లోపల, నీ చేతిరాత చదివాను. నీకు చేతిరాత ఉంటుందని నేనెప్పుడైనా అనుకున్నానా? మన ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే అని ప్రతి దరఖాస్తులో గర్వంగా రాసుకునేదాన్ని. ఇకమీద అలా రాయకూడదు.

ఉత్తరం రాసేముందు నేనూ చిటికె ఆ సూదిని చూశాం. దారం కొస తడిసి ఆరినట్టు గట్టిగా ఉంది. టోపీ ఎందుకు వద్దన్నావో అర్థమైంది. కండక్టరు గారికి ఈ సంగతి నువ్వే చెప్పు, పాపం ఆయన నీ గురించి దిగులుపడుతున్నారు. ఆయన్ని కూడా బస్సులో నీతో తీసుకురా. కిటికీ పక్క సీటు ఆయనకే ఇవ్వు, ఇన్నేళ్ళు నిలబడే ప్రయాణం చేశారు.

ఇక్కడ మెట్లు పదకొండు. పక్కన కమ్మీ ఉంది. మొదటి రోజు నువ్వు తడుముకుంటూ ఎక్కుతుంటే పిల్లలెవ్వరూ జాలిపడరు, వాళ్ళకి నువ్వు ఎలా నడుస్తున్నావో కనబడదు. అడుగుల చప్పుడు మాత్రం వింటారు. నువ్వు గుమ్మాన్ని తిడితే కొత్త తిట్లు నేర్చుకుంటారు, అది ఒక్కటే నా భయం. చిన్న ఖాళీలోంచి సంచీ మొత్తం ఎలా తిరిగి వస్తుందో చూపించమని ఇప్పటికే వరసలో నిలబడ్డారు. అబద్ధమన్నవాళ్ళు అందరికన్నా ముందున్నారు.

సంచీ ఇంకా మూయలేదు. నా చివరి కుట్టు బాకీ ఉంది. నువ్వు వచ్చి నా పక్కన కూర్చున్నాక వేస్తాను, అప్పటిదాకా పిల్లలందరూ ఒక్కొక్కళ్ళూ వేలు పెట్టి చదువుకుంటారు. ఇవాళే సగంమంది చదివేశారు.

పెద్ద టీచరమ్మ నీ మంచానికి దుప్పటి తీయించాలి, పొద్దున్న బస్సో సాయంత్రం బస్సో చెబితే స్టాండుకి నేనూ చిటికె వస్తాం. ఈ నెల ఇరవయ్యో తారీకులోపు జవాబు పంపు. కండక్టరు గారి చేత రాయించినా సరే, ముడులు వేసినా సరే. ముడులైతే ఏ వైపైనా వెయ్యి, వేలు పెట్టి వెతుక్కుంటాం.

నీ కోడలు